లంకమల వంకలో నాచు పొట్లం: నా అనుభవం

తెలుగులో చెరువు మీద తేలే పచ్చటి తెట్టునూ, స్నానాలగది గచ్చు మీద కాలు జారేదాన్నీ, వంకలో బండ మీద మఖమల్ గుడ్డలా పరుచుకున్నదాన్నీ అన్నింటినీ నాచనే అంటాం. ఎండబెట్టిన మొక్కల నమూనాలను లేబుళ్లతో దాచే హెర్బేరియం పనికి ఇవన్నీ ఒకటి కావు. వేళ్ల మధ్య నలిపితే జిగటగా జారిపోయేది శైవలం. కాడ, దాని చుట్టూ చిన్న చిన్న ఆకులు కనిపిస్తే అది మాస్ మొక్క. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం కంటికి ఆనించుకుని, మొక్కను దాని దగ్గరికి తెచ్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. భూతద్దాన్ని మొక్క మీద పెట్టి మనం దూరంగా నిలబడితే ఏమీ కనబడదు. కొత్తవాళ్లలో సగం మంది మొదటిరోజు చేసే పని అదే.

రాయలసీమలో మాస్ ఏముంటుందని అడుగుతారు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడుతుంది, కడపలో అంతకంటే కొంచెం ఎక్కువ. ఎర్రటి ఎండలో ఆ ప్రశ్న సహజమే. కానీ లంకమల, పాలకొండలు, శేషాచలం, అహోబిలం వైపు నల్లమల... ఈ కొండల్లో కోనలు ఇరుకు, గోడలు ఎత్తు. మధ్యాహ్నం గంటో రెండు గంటలో తప్ప బండ మీద ఎండ పడని చోట్లున్నాయి. అక్కడ వంక పారడం ఆగినా రాతి పగుళ్లలోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. మాస్ ఉండేది అక్కడే. నీటిని కోరే మొక్క కాబట్టి, ఎండుసీమలో దాని చిరునామా అంతా నీటిదే. ఈ పనిలో మొక్కను దాచడం తేలిక. అది ఏ నీటి పక్కన, ఎంత ఎత్తులో ఉందన్నదే పోయేది. ఆ సంగతి పొట్లం మీద లేకపోతే లోపలున్నది ఉత్త ఎండుగడ్డి.

ముందు అనుమతి సంగతి. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించిన ప్రాంతంలోది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుంది. 28వ సెక్షన్ కింద శాస్త్ర పరిశోధన కోసం లోపలికి వెళ్లడానికి రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి. లోపలినుంచి ఏదైనా తేవడం 29వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. అంటే ‘వెళ్లొచ్చు’ అన్న కాగితం ‘తెంపొచ్చు’ అన్న కాగితం కాదు. దరఖాస్తులో సేకరణ అన్న మాట, ఎన్ని నమూనాలు, ఒక్కోటి ఎంత, ఏ బీటుల్లో (అటవీ సిబ్బంది గస్తీ హద్దుల్లో), ఏ నెలల్లో అన్నవి విడిగా రాయాలి. ‘నాచు మొక్కలు’ అని వదిలేస్తే ప్రశ్నలతో తిరిగొస్తుంది. ‘ఒక్కో చోట అరచేతికి మించని మాస్, మొత్తం 60 పొట్లాలు’ అని రాస్తే చదివేవారికి బొమ్మ కడుతుంది. వానలు మొదలవకముందే పెట్టుకోవాలి, లేకపోతే కాగితం చేతికొచ్చేసరికి వంక ఎండిపోతుంది. ఎర్రచందనం అడవి కనుక సంచి, కత్తి పట్టుకుని వంకలో వంగి ఉన్న మనిషిని చూస్తే గస్తీవాళ్లు ఆపుతారు, ఆపాలి కూడా. అనుమతి పత్రం నకళ్లు రెండు ప్లాస్టిక్ తొడుగులో వేసుకుని, బీటు సిబ్బందిలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లడం మేలు. ఆయన వల్ల ఇంకో లాభం ఉంది. ఏ పటంలోనూ లేని వంక పేరు ఆయనకు తెలుస్తుంది. ఆ పేరే లేబుల్‌కి కావాలి.

కాలం: మాకు అక్టోబరు నుంచి జనవరి వరకు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు కొత్త చిగుళ్లు వేస్తుంది. నవంబరు దాటాక చాలా రకాల్లో గుళికలు, అంటే విత్తనాల బదులు మాస్ వేసే సిద్ధబీజాల తిత్తులు, కనిపిస్తాయి. వాన కురుస్తుండగా కోనలోకి దిగకూడదు. పైన కొండమీద కురిసిన నీళ్లు ఇరుకు కోనలో నిమిషాల్లో నడుములోతుకు వస్తాయి. వాన తగ్గిన రెండోరోజో మూడోరోజో వెళితే నీరు తేటపడి ఉంటుంది, మొక్క కడిగినట్టుంటుంది.

వెంట ఉండాల్సినవి పెద్దవేమీ కావు. మొద్దుమొన ఉన్న వెడల్పాటి కత్తి ఒకటి. నూనె డబ్బాల అడుగు గీకే పలచటి గరిటె కూడా సరిపోతుంది. పాత టీ జల్లెడ, మెత్తటి టూత్‌బ్రష్, పెన్సిల్, గీతల నోటుపుస్తకం, అడుగు స్కేలు, పాత పత్రికలతో మడిచిన యాభై పొట్లాలు, గుడ్డసంచి. చిన్న డ్రాపర్ సీసాలో 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బాల్‌పెన్ను వద్దు. తడి కాగితం మీద అది పట్టదు, పట్టినా రేపటికి సిరా పాకుతుంది. పాలిథీన్ కవర్లు అసలే వద్దు. తడి మాస్‌ను కవర్లో మూటగట్టి ఎండలో నిలిపిన జీపులో మూడు గంటలు ఉంచితే ఉడికి నల్లబడుతుంది. ఆకుపచ్చ రంగు పోవడం సరే, కణాలు చితికి సూక్ష్మదర్శిని కింద ఏదీ తేల్చలేని ముద్దవుతుంది.

వంక దగ్గరికి చేరాక వెంటనే కత్తి తీయకూడదు. ముందు బండను పై నుంచి కింది దాకా చూడాలి. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే భాగం ఒకటి. నీటి తుంపర్లు పడే భాగం దాని పైన. వరద వచ్చినప్పుడు మాత్రమే మునిగే భాగం ఇంకా పైన. దీన్ని పోల్చుకోవడానికి పగుళ్లలో చిక్కిన ఎండుటాకులు, పుల్లలు, బండ మీద ఎండిన ఒండ్రు గీత చూడాలి. వంక నీటికి సంబంధం లేకుండా పైనుంచి ఊట మాత్రమే జారే రాతి గోడ నాలుగోది. ఈ నాలుగింటిలో మొక్క దేనిలో ఉందో, ఆ రోజు నీటిమట్టానికి ఎన్ని సెంటీమీటర్లు పైనో కిందో స్కేలు పెట్టి కొలిచి, అక్కడే నిలబడి రాయాలి. సాయంత్రం గదికి వచ్చి గుర్తుతెచ్చుకుని రాసిన కొలత ప్రతిసారీ గుండ్రంగా వస్తుంది: ‘సుమారు 30’. అది కొలత కాదు, ఊహ.

ఇంత పట్టుదల ఎందుకంటే ఒకే మొక్క మునిగినచోట ఒకలా, పైన ఇంకోలా పెరుగుతుంది. నీటిలో ఉన్నది కాడ సాగి, ఆకులు దూరదూరంగా వేస్తుంది. పారే నీటిలో ఇసుక రాపిడికి కింది ఆకుల పత్రదళం చిరిగిపోయి మధ్య ఈనె మాత్రం ముల్లులా మిగులుతుంది. మునిగిన మొక్కకు చాలాసార్లు గుళికలు రావు. అదే మొక్క తుంపర్ల బండ మీద పొట్టిగా, ఒత్తుగా, గుళికలతో ఉంటుంది. రెండూ రెండు పొట్లాలైతే, లేబుల్లో నీటి సంగతి లేకపోతే, ఎక్కడో కూర్చుని చూసేవారు రెండు జాతులనుకున్నా తప్పు వాళ్లది కాదు.

మా వైపు వంకల్లో తరచూ చేతికొచ్చేది హయోఫిలా ఇన్వొల్యూటా. తడి బండలు, సున్నపురాళ్లు, కాలువ గట్ల సిమెంటు, పాత గోడలు, ఇవన్నీ దీని స్థలాలు. తడిగా ఉన్నప్పుడు ఆకులు నక్షత్రంలా విచ్చుకుంటాయి. ఎండితే అంచులు లోపలికి చుట్టుకుని గొట్టంలా అవుతాయి, రంగు గోధుమకు తిరుగుతుంది. ఒకే బండ మీద కింద పచ్చగా విచ్చుకున్నదాన్నీ, రెండడుగుల పైన ముడుచుకున్నదాన్నీ రెండు రకాలని తీసుకోవడం అందరికీ ఒకసారైనా జరిగే పొరపాటు. పైదాని మీద రెండు చుక్కల నీళ్లు వేసి చూడండి, చూస్తుండగానే విప్పుకుంటుంది. గుళిక నిటారుగా, స్తంభంలా ఉంటుంది. మూత ఊడితే మూతి చుట్టూ పళ్ల వరస ఉండదు. దగ్గరి పోలికలున్న బార్బులా, హైడ్రోగోనియం రకాలకు సన్నటి పళ్లుంటాయి. గుళికలు లేకపోతే ఆకు మొదళ్లలో వెతకాలి. చిన్న కాడ మీద నక్షత్రాల్లాంటి జెమ్మాలు (రాలి కొత్త మొక్కలయ్యే చిన్న తునకలు) ఉంటే హయోఫిలాయే అని నమ్మకం కుదురుతుంది.

తోడుగా దొరికేవి ఫిలోనోటిస్, ఫిసిడెన్స్. ఫిలోనోటిస్ లేత పసుపుపచ్చ. నీటిచుక్కలు దాని మీద ముత్యాల్లా నిలుస్తాయి, కాడ అడుగున వేళ్ల బదులు ఉండే గోధుమఎరుపు నూగులాంటి మూలతంతువులు, గుళిక బంతిలా ఉంటుంది. ఫిసిడెన్స్‌ను పోల్చుకోవడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. ఆకులు రెండే వరసల్లో, చిన్న ఈకలా ఉంటాయి. ప్రతి ఆకు మొదలు కత్తిని పట్టిన ఒరలా కాడను పట్టుకుంటుంది. పేచీ ఏమిటంటే కొన్ని ఫిసిడెన్స్ రకాలు రెండు మూడు మిల్లీమీటర్లే. హయోఫిలా గుబురులో దాక్కుని వచ్చేస్తాయి.

రాయి ఏదో కూడా రాయాలి. లంకమలలో ఎక్కువగా క్వార్ట్‌జైట్, మధ్యమధ్య షేల్. ఆమ్లం చుక్క వేస్తే ఏమీ జరగదు. వేంపల్లి వైపు డోలమైట్, కర్నూలు, కడప మైదానాల సున్నపురాయి వేరు. ఇళ్లలో గచ్చుకు వేసే కడప నల్లబండ కూడా సున్నపురాయే. దాని మీద చుక్క వేస్తే బుసబుస నురుగు వస్తుంది. డోలమైట్ అంత తొందరగా పొంగదు, గోరంత గీకి పొడి మీద వేస్తే మెల్లగా పొంగుతుంది. చుక్క మొక్క మీద కాకుండా పక్కనున్న ఖాళీ రాతి మీద వెయ్యాలి. సున్నపునీటి వంకల్లో మొక్క మీదే తెల్లటి పెంకు కడుతుంది. దాన్ని అక్కడ గీకితే ఆకులూ పోతాయి. అలాగే తెచ్చి, పరీక్షకు తీసుకున్న రెండు కాడలనే పలచని ఆమ్లంలో వేస్తే పెంకు కరిగి ఆకులు తేలతాయి.

ఎంత తీయాలి? పొట్లంలో ఒకే పొరగా పట్టేంత, అంటే 5 సెంటీమీటర్ల చదరం. ఆ చోట ఉన్నదాంట్లో పదోవంతు దాటకూడదని మా లెక్క. రెండు బొటనవేళ్లంత గుబురు ఒక్కటే ఉంటే ఫొటో తీసి, నాలుగు కాడలతో సరిపెట్టుకోవాలి. కత్తిని రాతికి సమాంతరంగా పెట్టి, అడుగు మూలతంతువులతో సహా లేపాలి. పైపైన తుంచితే కాడ మొదలు, మూలతంతువుల రంగు, జెమ్మాలున్న కింది ఆకులు పోతాయి.

కడగడం అక్కడే, ఆ వంక నీళ్లలోనే. జల్లెడలో వేసి పైనుంచి దోసిలితో పోస్తూ ఇసుక, ఒండ్రు దిగేదాకా కడగాలి, మొండిగా ఉన్నచోట బ్రష్‌తో మెత్తగా తట్టాలి. ఒండ్రు వదలకపోతే ఎండాక గట్టిపడుతుంది. సూక్ష్మదర్శిని స్లైడు మీద ఒక్క ఇసుక రేణువున్నా కవర్ గ్లాసు పగులుతుంది. ఇంటి కుళాయి దగ్గర కడిగితే జారిపోయిన తునకలు, సిద్ధబీజాలు ఎటూ కాకుండా పోతాయి, వంకలో కడిగితే వాటి చోటే అవి పడతాయి. తర్వాత అరచేతుల మధ్య మెల్లగా అదిమి నీరు పిండి, పత్రిక కాగితం మీద రెండు నిమిషాలు ఉంచి పొట్లంలో వెయ్యాలి. భక్తులు స్నానాలు చేసే గుండాల దగ్గర రాళ్లకు పసుపు, కుంకుమ, దీపపు నూనె పట్టి ఉంటాయి. అక్కడ తీయకపోవడమే మంచిది, తీస్తే ఆ సంగతీ రాయాలి.

మొక్కను పొట్లంలో వెయ్యకముందే పొట్లం మీద సంఖ్య వెయ్యాలి. సేకరించేవారి సంఖ్య జీవితాంతం ఒకటే వరస: 1, 2, 3... ప్రతి ఏడాది మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే పదేళ్లకు ఒకే మనిషివి పది ‘17’లు తయారవుతాయి, ఏది ఏదో ఎవరూ తేల్చలేరు. నోటుపుస్తకంలో అదే సంఖ్య ఎదుట వంక పేరు, బీటు, తేదీ, రాయి, నీటిమట్టం, నీడ, జీపీఎస్. ఇరుకు కోనలో ఫోను జీపీఎస్ తడబడుతుంది, గోడలకు తగిలి వచ్చే సంకేతం వల్ల చుక్క అటూ ఇటూ గెంతుతుంది. రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడి, ఫోను చూపే పొరపాటు మీటర్లతో సహా రాయాలి. దశాంశ డిగ్రీల్లో నాలుగు స్థానాలు చాలు, నాలుగో స్థానంలో ఒకటి అంటే సుమారు 11 మీటర్లు. ఎనిమిది స్థానాలు రాసినంత మాత్రాన చోటు ఖచ్చితం కాదు.

ఆరబెట్టడం మా ఊళ్లలో వరమే. డిసెంబరు గాలికి నీడలో పొట్లాలు నోరు తెరిచి వరసగా నిలబెడితే ఒకటి రెండు రోజుల్లో ఎండుతాయి. అక్టోబరు ముసురులో మాత్రం మూడో రోజుకి బూజు వాసన వస్తుంది. అప్పుడు రోజూ పొడి కాగితంలోకి మార్చి, ఫ్యాను కింద పెట్టాలి. ఎండలో వద్దు, రంగు వెలిసిపోతుంది. పొయ్యి వేడి వద్దు, పెళుసుబారి ఆకులు రాలతాయి. పెద్ద మొక్కల్లా బరువు పెట్టి అదమకూడదు, గుళికలు చితుకుతాయి. పైన ఒక పలచటి పుస్తకం పెట్టినంత ఒత్తిడి చాలు. మందు పూయక్కర్లేదు. మాస్‌ను పురుగులు తినడం తక్కువ, విషపు పూత వల్ల నష్టమే ఎక్కువ. ఎండిన మాస్ వందేళ్లకైనా గోరువెచ్చని నీటిలో వేస్తే ఆకులు విప్పుకుని కణాలు స్పష్టంగా కనబడతాయి. అందుకే దీనికి ద్రావణాల సీసాలు అక్కర్లేదు, కాగితం చాలు.

ఆ కాగితం మడత ఇలా. ఆమ్లం లేని ఏ4 కాగితం, 21 × 29.7 సెంటీమీటర్లు. లేబుల్‌ను కాగితం కింది మూడోవంతులో, రెండు పక్కలా మూడున్నర సెంటీమీటర్ల చొప్పున వదిలి అచ్చువేయాలి. అచ్చు ఆరాక కాగితాన్ని కిందినుంచి పైకి బోర్లించాలి. ఇప్పుడు అచ్చు వెనకవైపు, పైభాగంలో ఉంటుంది. కింది మూడోవంతును పైకి మడవాలి. రెండు పక్కల మూడున్నర సెంటీమీటర్లను ముందువైపుకే, లోపలికి మడవాలి. పై మూడోవంతును ముందుకు దించితే లేబుల్ నిటారుగా, ముఖం మీదికి వస్తుంది. పొట్లం దాదాపు 14 × 10 అవుతుంది. పుస్తకం తిప్పినట్టు పక్కకు బోర్లిస్తే లేబుల్ తలకిందులై లోపలికి పోతుంది, మొదటి పాతిక పొట్లాలూ అలాగే వృథా అవుతాయి. ఒకటి మడిచి చూసి మిగతావి అచ్చు వేయండి. జిగురు, పిన్నులు, సెలోటేపు ఏవీ వద్దు. పిన్ను తుప్పు పడుతుంది, టేపు పదేళ్లకు పసుపు మరకై ఊడిపోతుంది. సన్నటివి, మట్టితో ఉన్నవి అయితే లోపల చిన్న అట్టముక్క పెడితే నలగవు.

గుర్తింపు పని రాత్రికి కాదు, తీరికగా పగలు. ఒక్క కాడను గోరువెచ్చని నీటిలో, గిన్నెలు తోమే సబ్బునీరు సూదిమొనంత కలిపి వేస్తే గాలిబుడగలు చిక్కుకోవు. కొన్ని ఆకులను అడ్డంగా కోసి చూడాలి. ఆకును స్లైడు మీద పెట్టి, వేలిగోటి అంచు ఆసరాగా కొత్త బ్లేడుతో సన్నగా తరుగుతూ పోతే ఇరవై కోతల్లో రెండు పనికొస్తాయి. హయోఫిలా అయితే పై ముఖపు కణాలు బుడిపెల్లా ఉబ్బి, అడుగు ముఖం నున్నగా ఉంటుంది. ఒకే ఆకు చూసి పేరు పెట్టకూడదు, కాడ మధ్య భాగంలోని నాలుగైదు ఆకులైనా చూడాలి. అప్పుడే గుబురులో దాగిన ఫిసిడెన్స్ బయటపడుతుంది. బయటపడితే వేరే పొట్లంలో వేసి, 214 అయితే 214ఎ, 214బి అని ఒకే సంఖ్యకు అక్షరం చేర్చాలి. వేరు చేయడం కుదరనంత పెనవేసుకుంటే ‘ఫిసిడెన్స్ కలిసి ఉంది’ అని లేబుల్ మీద రాస్తే చాలు.

లేబుల్లో జిల్లా పేరు చిన్న విషయం కాదు. పాత పొట్లాల మీద మద్రాసు ప్రెసిడెన్సీ, కడపకు ఇంగ్లీషువాళ్ల పాత స్పెల్లింగు కనిపిస్తాయి. అహోబిలం నమూనాలు 2022 ఏప్రిల్ ముందువైతే కర్నూలు జిల్లా, తర్వాతివైతే నంద్యాల జిల్లా. రెండూ నిజమే. అందుకని మేం జిల్లాతో పాటు కొండల పేరు, వంక పేరు, దగ్గరి ఊరు, ఎంత దూరం, ఏ దిక్కు అన్నవీ రాస్తాం. జిల్లాలు మారతాయి, వంక ఎక్కడికీ పోదు. శాస్త్రీయ నామం తర్వాత ఆ నామం పెట్టిన శాస్త్రవేత్తల పేర్లు కూడా ఉండాలి. హయోఫిలా ఇన్వొల్యూటాకు హుకర్ పేరు కుండలీకరణంలో, ఆ తర్వాత యేగర్. పొట్లంలోని మొక్కను గుర్తించినవారి సంతకం, తేదీ తప్పనిసరి. పేరు తేలకపోతే ప్రజాతితో, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాటతో, ఆపేయడం పరువు తక్కువేం కాదు.

గుబురు సరిపడా ఉంటే ఒకే మొక్కను మూడు భాగాలు చేస్తాం. ఒకటి అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియంకు, ఒకటి హైదరాబాదులోని భారత వృక్షశాస్త్ర సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి, ఇంకోటి ఆ ప్రజాతి మీద పనిచేసేవారికి. మూడింటికీ ఒకే సంఖ్య, ఒకే లేబుల్. వేరువేరు గుబుర్ల నుంచి తీసినవైతే అవి నకళ్లు కావు, సంఖ్యలు వేరు పెట్టాలి. దేశం బయటికి పంపడం మాత్రం జీవవైవిధ్య చట్టం అనుమతులతో ముడిపడిన పని, తపాలా స్టాంపులంటించి పంపేది కాదు.

ఇచ్చేముందు పొట్లాలన్నీ పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో వారం రోజులు పెట్టాలి. మాస్‌ను తినకపోయినా సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగులు, పుస్తకాల పురుగులు కాగితాన్ని వదలవు. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. చల్లటి పొట్లాల మీద గదిలో తేమ చెమటలా పడుతుంది, అంత కష్టపడి ఎండబెట్టింది మళ్లీ తడుస్తుంది. ఒక రోజు అలాగే మూసి ఉంచితే గది వేడికి వస్తుంది.

కొన్నేళ్లకు ఎవరో చూసి ‘ఇది హయోఫిలా కాదు, హైడ్రోగోనియం’ అంటారు. పాత పేరును కొట్టెయ్యకూడదు, తెల్ల సిరా పూయకూడదు. కొత్త పేరు, చూసినవారి పేరు, ఏడాది రాసిన చిన్న చీటీని మెత్తటి పిండిజిగురుతో పాత లేబుల్ కింద అంటించాలి. మావి రెండు పొట్లాల మీద ఇప్పటికే మూడేసి చీటీలున్నాయి. నీటిమట్టం రాసిన వరస మాత్రం మొదటి లేబుల్లోదే.